పగిలిన బొమ్మకు ధర ఎవరు కడతారు?

కొండపల్లి ఇళ్ళలో కర్రతో నిత్యం కుస్తీ

కొండపల్లి: అంగడిలో అద్దాల బీరువాలో నిలబెట్టిన కొండపల్లి బొమ్మను చూసి ముచ్చటపడనివారు వుండరు. అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి, దశావతారాలు - ఏది చూసినా రంగుల్లో తళతళలాడుతూ నవ్వుతున్నట్టే వుంటుంది. అయితే ఆ ఒక్క బొమ్మ అంగడికి చేరేలోపు ఎన్ని బొమ్మలు మధ్యలోనే చెడిపోయాయో కొనేవారికి తెలియదు. ఎండకు నెర్రెలిచ్చిన ముక్క, ఉలి దెబ్బకు తొండం విరిగిన ఏనుగు, అతుకు విడిన చెయ్యి, రంగు పొక్కిన ముఖం - ఇవన్నీ చేసినవాడి ఇంటి మూలలోనే వుండిపోతాయి. వాటిమీద పడ్డ కష్టం, పెట్టిన ఖర్చు బొమ్మ ధరలో ఎక్కడా కలవదు. ఆ నష్టం ఇంటిల్లిపాదీ మోయాల్సిందే.

కొండపల్లి బొమ్మలకు పేరుంది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద గుర్తింపు కూడా వచ్చింది. లేపాక్షి దుకాణాల్లో, పెద్ద వూళ్ళ ప్రదర్శనల్లో వీటికి చోటుంది. పేరు రావడం ఒక ఎత్తు, పని నిలబడడం మరొక ఎత్తు. పని నిలబడాలంటే ముందు కర్ర నిలబడాలి. అక్కడే వస్తోంది చిక్కంతా.

ఇల్లే కార్ఖానా

విజయవాడకు పడమరగా, ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో కొండమీద పాత కోట, దాని కింద వూరు - ఇదీ కొండపల్లి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా ఇది కృష్ణా జిల్లాలో వుండేది. బొమ్మలు చేసే కుటుంబాలు ఎక్కువగా వుండే చోటికి బొమ్మల కాలనీ అనే పేరు స్థిరపడింది. వీరిలో చాలామంది ఆర్యక్షత్రియులు. తమ పెద్దలు కొన్ని వందల యేళ్ళ కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని, ఈ విద్య తమకు ముక్తఋషి ద్వారా సంక్రమించిందని చెప్పుకుంటారు.

ఇక్కడ కార్ఖానా అంటూ వేరే వుండదు. ముందు వసారాలో కర్ర కోస్తారు. నడవలో చెక్కుతారు. దండెం కింద బొమ్మలు ఆరుతుంటాయి. వంటింటి పొయ్యిమీదే మక్కు వుడుకుతుంది. కర్రపని మగవారు చూసుకుంటే, రంగులు వేసే పనిలో ఆడవారి చెయ్యే ఎక్కువ. బడినుంచి వచ్చిన పిల్లలు గరుకు కాగితం పట్టుకుని కూర్చుంటారు.

ఇంట్లోనే పనిచేసుకోవడం వల్ల సుఖం లేకపోలేదు. అద్దె లేదు, యజమాని లేడు, వేళాపాళా తన ఇష్టం. కానీ చోటు చాలదు. పచ్చి కర్ర, ఎండిన కర్ర, సగం చెక్కినవి, రంగు వేసినవి, మంచాలు, బిందెలు అన్నీ ఒకే కప్పు కింద వుండాలి. పెద్ద కార్ఖానాలో కర్రను నెలల తరబడి పేర్చి ఆరబెట్టడానికి వేరే షెడ్డు వుంటుంది. రెండు గదుల ఇంట్లో ఆ సదుపాయం ఎక్కడిది? కర్ర ఆరడానికి చోటు ఇస్తే మనిషి పడుకోవడానికి చోటుండదు.

అడవి దాటి రావాల్సిన కర్ర

కొండపల్లి బొమ్మకు ప్రాణం తెల్లపొణికి. ఎండకు ఆకురాల్చే అడవుల్లో, రాతి గుట్టల వాలుల్లో పెరిగే చెట్టు ఇది. కర్ర తెల్లగా, తేలికగా, మెత్తగా వుంటుంది. బలమైన టేకుకు, మద్దికి లేని సుగుణం దీనికి వుంది. ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. సన్నని వేలు, ముక్కు, తలపాగా మడత కూడా ఇందులో తేలిగ్గా పలుకుతాయి. రంగునూ చక్కగా పట్టుకుంటుంది. నిర్మల్ బొమ్మలకూ పొణికి కర్రే ఆధారం.

ఒకప్పుడు కొండపల్లి చుట్టుపక్కల కొండల్లోనే ఈ కర్ర దొరికేది. ఏళ్ళ తరబడి నరకడమే తప్ప నాటడం లేకపోవడంతో దగ్గరి చెట్లు తగ్గిపోయాయి. ఇప్పుడు దూరపు అడవులనుంచి రావాలి. అడవి కర్ర కదలాలంటే అటవీ శాఖ అనుమతి వుండాలి. రవాణా ఖర్చు వుండనే వుంది. చేతికి వచ్చిన దుంగను వద్దనే ధైర్యం పనివాడికి వుండదు. వద్దంటే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

దుంగ పైకి బాగానే కనిపిస్తుంది. రంపం పెట్టిన తరువాతే లోపలి సంగతి బయటపడుతుంది. నడిమి బెండు పెద్దదిగా వుండవచ్చు. ముడి తగలవచ్చు. పురుగు తొలిచిన సొరంగాలు కనిపించవచ్చు. నరికి తడిలో పడేసిన కర్ర అయితే నీలి మచ్చలు పడి, తెల్లపొణికి కాస్తా నల్లపొణికి అవుతుంది. ఆ మచ్చ రంగు కింద దాగుతుందిగాని, మచ్చతో పాటు కుళ్ళు కూడా మొదలైతే ఆ ముక్క ఉలికి పిండిలా రాలిపోతుంది. డబ్బు మాత్రం దుంగ మొత్తానికీ ముందే చెల్లించి వుంటారు. వాడకానికి పనికివచ్చింది ఎంత అన్నది పనివాడి అదృష్టం.

నీరే అసలు శత్రువు

కర్రపనిలో వచ్చే ఇక్కట్లలో ముప్పాతిక మూలం నీరే. పచ్చి కర్రలో నీరు విపరీతంగా వుంటుంది. కొన్ని మెత్త కర్రల్లో అసలు కర్ర బరువుకన్నా నీటి బరువే ఎక్కువ. ఈ నీరు రెండు తావుల్లో వుంటుంది. కొంత కర్రలోని సన్నని గొట్టాల్లో వుంటుంది. మిగతాది ఆ గొట్టాల గోడల్లో ఇంకి వుంటుంది. ముందు గొట్టాల్లో నీరు పోతుంది. అప్పుడు కర్ర బరువు తగ్గుతుందేగాని కొలత మారదు. నీరు ఎండు కర్ర బరువులో సుమారు 30 శాతానికి దిగిన తరువాత గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కర్ర కుంచించుకుపోయేది అప్పుడే.

కొత్తవారు మోసపోయేది ఇక్కడే. పది పదిహేను రోజులు ఎండబెట్టినా కర్ర చెక్కు చెదరలేదని సంతోషిస్తారు. ఇక పనికి వస్తుందని చెక్కడం మొదలుపెడతారు. బొమ్మ పూర్తయ్యాక, కొన్నిసార్లు రంగు కూడా వేశాక, కర్ర తన అసలు రూపం చూపిస్తుంది. ఏనుగు వీపుమీద నిలువునా బీట. లేదా కృష్ణుడి పీఠం ఒక పక్కకు వంగి బొమ్మ వూగులాట.

కుంచించుకోవడం అన్ని వైపులా ఒకేలా వుంటే ఈ బెడద వుండదు. నిలువు పొడవులో కర్ర దాదాపు తగ్గదు. నడిమి నుంచి బెరడు వైపుకు కొంత తగ్గుతుంది. చుట్టుకొలతలో దానికి రమారమి రెండింతలు తగ్గుతుంది. గుండ్రని దుంగ గుండ్రంగానే ఆరితే, చుట్టూ వున్న భాగం బిగుసుకుపోవాలని చూస్తుంది, లోపలి భాగం దారి ఇవ్వదు. ఆ పెనుగులాటలో బెరడు నుంచి బెండు దాకా చీలిక పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు దుంగను అలాగే వుంచక, బెండు మీదుగా నిలువునా రెండు చేసి ఆరబెడతారు.

దుంగ చివర్లది మరో పేచీ. పక్కలనుంచి కన్నా కోసిన మొనలనుంచి నీరు ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. మొనలు ముందే ఎండి బిగుస్తాయి. లోపల ఇంకా పచ్చిగానే వుంటుంది. దానితో రెండు చివర్లా చుక్కల్లా నెర్రెలు విచ్చుకుంటాయి. ఒక్కోసారి జానెడు పొడవు ముక్క నుంచి రెండు చివర్లూ కోసి పారేస్తే మిగిలేది మధ్యలో చిన్న ముక్కే. మొనలకు పాత రంగో, మైనమో, అవి లేకుంటే పేడా మట్టీ కలిపిన ముద్దో పూస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది. ఖర్చులేని పని ఇది. అయినా దుంగ నరికిన రోజునే చెయ్యాలి. కర్ర ఇంటికి చేరే సరికే నెర్రెలు పడి వుంటే పూసి ప్రయోజనం లేదు.

తొందరకు మందు లేదు

కర్రను నీడలో, గాలి ఆడేలా, ముక్కకూ ముక్కకూ మధ్య బద్దలు పెట్టి పేర్చి, నిదానంగా ఆరనివ్వాలి. ఈ సంగతి తెలియని పనివాడు లేడు. తెలిసినా ఆచరించలేని పరిస్థితి. నెలల తరబడి కర్రను పేర్చి వుంచడమంటే అంత డబ్బును మూలన పడేసినట్టే. కర్రకు తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆరదు, పెరుగుతుంది.

అందుకే వేడి చూపే పద్ధతి ఆనవాయితీగా వస్తోంది. చెక్కిన ముక్కలను సన్నని సెగ మీద వుంచి మిగిలిన తేమను లాగేస్తారు. చూడడానికి తేలికే. చెయ్యడానికి కనిపెట్టుకుని కూర్చోవాలి. సెగ ఎక్కువైతే పైపొర ఒక్కసారిగా ఎండి, లోపలి తేమ బయటికి రాక ముక్క చిట్లిపోతుంది. ఇంకా ఎక్కువైతే కమిలి నల్లబడుతుంది. సెగ తక్కువైతే తేమ లోపలే నిలిచి, రంగు వేశాక పగ తీర్చుకుంటుంది. నిప్పు దగ్గర కూర్చున్నవాడు ఒక్క కునుకు తీసినా ఆ వాయి మొత్తం పోయినట్టే.

కర్ర ఆరిందో లేదో తెలుసుకోవడానికి చేతి అంచనాయే కొలమానం. చెంపకు ఆనించి చల్లగా వుంటే తడి వుందంటారు. తట్టి చూసి మోత మొద్దుగా వస్తే పచ్చి అంటారు. ఇవి నిజమేగాని చాలవు. అంతకన్నా నికరమైన ఉపాయం తూకం. ఒక ముక్కను గుర్తుపెట్టి వారానికోసారి కిరాణా కాటాలో తూచి, బరువు పలకమీద రాసుకోవాలి. వరుసగా రెండు మూడు వారాలు బరువు తగ్గకుండా నిలిచిపోతే ఆ గాలికి ఆరవలసినంత ఆరినట్టు. మరీ కచ్చితంగా కావాలంటే, పనికిరాని చిన్న ముక్కను తూచి, మాడకుండా సెగ మీద పూర్తిగా ఎండబెట్టి మళ్ళీ తూచాలి. 500 గ్రాముల ముక్క 400 గ్రాములకు దిగి ఆగిపోతే, పోయిన నీరు 100 గ్రాములు. అంటే ఎండు కర్ర బరువులో 25 శాతం నీరు వుండేదన్నమాట. అలాంటి కర్రతో బొమ్మ చేస్తే పగలక మానదు.

మెత్త కర్రకే పదునైన ఉలి

మెత్త కర్ర కనుక ఏ ఉలి అయినా నడుస్తుందని బయటివారు అనుకుంటారు. సంగతి తలకిందులు. గట్టి కర్ర మొద్దు ఉలికి కూడా ఎంతో కొంత లొంగుతుంది. మెత్త కర్ర మాత్రం పదును లేని ఉలి కింద తెగదు, నలుగుతుంది. నలిగిన చోట నార లేచి దూదిలా అవుతుంది. దానిమీద సున్నం పూసినా, రంగు వేసినా ఆ గరుకు కనిపిస్తూనే వుంటుంది. కాబట్టి గంటకోసారి సానరాయి పట్టక తప్పదు. సాన పట్టిన ఆ సేపంతా బొమ్మ ముందుకు కదలదు. కూలి లెక్కకట్టేవారు ఆ సేపును లెక్కలోకి తీసుకోరు.

కర్ర నార ఎటు నడుస్తోందో చూసుకోకపోతే మరో ప్రమాదం. ఏనుగు తొండం, గుర్రం కాలు, మనిషి చెయ్యి వంటి సన్నని భాగాల్లో నార అడ్డంగా పడితే పుల్ల విరిగినట్టు విరుగుతుంది. నార నిలువునా సాగేలా ముక్కను ఎంచుకోవాలి. ముక్క చిన్నదై, చెప్పినట్టు కుదరకపోతే చేతులు, కాళ్ళు విడిగా చెక్కి అతకాలి. కొండపల్లి బొమ్మను ఒకే మొద్దులో కాక, భాగాలుగా చెక్కి కలపడం వెనుక ఈ యుక్తి కూడా వుంది. అతుకు పెరిగినకొద్దీ మాత్రం అతుకు విడిపోయే భయమూ పెరుగుతుంది.

ఉలి జారితే తెగేది బొమ్మ ఒక్కటే కాదు. చిన్న ముక్కను ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెక్కే పని ఇది. ఎడమ బొటనవేలికి గాటు లేని పనివాడు అరుదు. వేలు తెగితే వారం పని ఆగుతుంది. ఇంట్లో చేసుకునే పనికి సెలవు జీతం వుండదు.

మక్కు మొరాయిస్తే

భాగాలను అతికేది మక్కు. చింతగింజల పొడిని, రంపపు పొట్టును కలిపి చేసే ముద్ద ఇది. అతుకుకు అతుకు, లప్పానికి లప్పం. ముక్కు, చెవి, నగ, జడ వంటి చిన్న చిన్న వివరాలను కూడా దీనితోనే తీరుస్తారు. కర్ర పొట్టు కర్రలోనే కలిసిపోతుంది గనుక అతికిన జాడ తెలియదు. చింతగింజ ఇంటి పక్క చెట్టుదే. ఇంతకన్నా చవకైన, తెలివైన జిగురు మరొకటి లేదు.

అయితే మక్కు కూడా మనిషి మాట వినే రకం కాదు. నీరు ఎక్కువైతే ఆరేటప్పుడు ముడుచుకుని అతుకు చుట్టూ సన్నని గీత తేలుతుంది. పొట్టు ఎక్కువైతే పట్టు వుండదు, రాలిపోతుంది. చింతగింజ పొడి మెత్తగా లేకపోతే రవ్వ రవ్వగా మిగులుతుంది. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారేసరికి బూజు పడుతుంది. పిండి పదార్థం కనుక చీమలు, బొద్దింకలు, ఎలుకలు దాన్ని వదలవు. రాత్రి అతికి ఆరబెట్టిన బొమ్మలకు పొద్దున చెవులు లేకపోవడం వింతేమీ కాదు.

సీసాల్లో దొరికే తెల్ల జిగురు వాడకం కూడా వచ్చింది. త్వరగా పడుతుంది, పురుగు ముట్టదు. కానీ కర్రలో తేమ వుంటే ఏ జిగురుకైనా గతి ఒకటే. కింది కర్ర కదిలితే పైన అతుకు నిలవదు.

సున్నం చెప్పే నిజం

అతుకులు ఆరి, గరుకు కాగితంతో నునుపు చేశాక తెల్లసున్నం పూస్తారు. రంగు నిగనిగలాడాలంటే అడుగున తెలుపు వుండాలి. అంతవరకు దాగిన తప్పులన్నీ ఇక్కడ బయటపడతాయి. తేమ వున్న చోట సున్నం మచ్చగా నిలుస్తుంది. అతుకు కదిలితే గీత పడుతుంది. ఉలి నలిపిన చోట నార లేస్తుంది. మళ్ళీ గరుకు కాగితం, మళ్ళీ మక్కు, మళ్ళీ సున్నం. ఒక రోజు పని రెండు రోజులకు సాగుతుంది.

ఆ తరువాత రంగు. ఎనామిల్ రంగు మెరుపునిస్తుంది, నీటికి తట్టుకుంటుంది. కానీ అది ప్లాస్టిక్ సంచిలా బొమ్మను మూసేస్తుంది. లోపల తేమ మిగిలితే బయటికి దారిలేక పొక్కులు తేలి, పెచ్చులూడుతుంది. నీటి రంగులు, ఆకులు గింజలనుంచి తీసిన రంగులు గాలి ఆడనిస్తాయి గాని, మెరుపు తక్కువ, వెలిసిపోతాయని భయం. కనుబొమ్మ, పెదవి గీసే చోట ఒక్క వెంట్రుకవాసి చెయ్యి వణికినా ముఖం చెడుతుంది. చివరి గీత దగ్గర చెడిన బొమ్మ మొదటి దెబ్బ దగ్గర చెడిన బొమ్మకన్నా ఎక్కువ ఏడిపిస్తుంది. అప్పటికి దానిమీద అందరి చెయ్యీ పడి వుంటుంది.

వానలో పని, దసరాకు గిరాకీ

బొమ్మల గిరాకీ దసరాకు, సంక్రాంతికి. ఆ పండుగలకు బొమ్మల కొలువులు పెడతారు. వర్తకులు దసరా సరుకు ముందుగానే అడుగుతారు. అంటే ఆ బొమ్మలు తయారు కావాల్సింది శ్రావణ, భాద్రపద మాసాల్లో. సరిగ్గా అప్పుడే వానలు. గాలిలో చెమ్మ, గోడల్లో చెమ్మ, కర్రలో చెమ్మ. ఎండలో ఒక రోజులో ఆరే సున్నం మూడు రోజులైనా ఆరదు. ఆరిన కర్ర కూడా చెమ్మను తిరిగి పీల్చుకుని ఉబ్బుతుంది. ఆ స్థితిలో చేసిన బొమ్మ పొడిగాలి తగిలే గదికో, చల్లని మిషన్లు పెట్టిన దుకాణానికో చేరాక మళ్ళీ కుంచించుకుంటుంది. పగులు అక్కడ కనిపిస్తుంది. చెడ్డపేరు ఇక్కడికి వస్తుంది. సరుకు వెనక్కి వస్తే రానుపోను ఖర్చు పనివాడి నెత్తినే.

కర్ర ఆరడానికి అనువైన కాలం ఎండాకాలం. ఆ నెలల్లో చేతిలో డబ్బు వుండదు. డబ్బు వచ్చే కాలంలో ఎండ వుండదు. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే ఈ వృత్తికి శాపంగా మారింది.

లెక్క వేసి చూస్తే

నష్టం ఎంతో తెలియడానికి ఒక లెక్క చూద్దాం. ఇవి సంగతి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. ఒక ఇంట్లో 20 బొమ్మల పని మొదలుపెట్టారనుకుందాం. కర్ర, రంగు, సున్నం అన్నీ కలిపి ఒక్కోదానికి 60 రూపాయల ఖర్చు. అమ్మకం ధర 200 రూపాయలు. అన్నీ బాగా వస్తే రాబడి 4,000 రూపాయలు, ఖర్చు 1,200 రూపాయలు, ఇంటిల్లిపాది కూలి 2,800 రూపాయలు. చివరి దశలో నాలుగు బొమ్మలు చెడితే రాబడి 3,200 రూపాయలకు పడిపోతుంది. ఖర్చు మాత్రం అదే 1,200 రూపాయలు. మిగిలేది 2,000 రూపాయలు. బొమ్మల్లో పోయింది ఐదో వంతు. కూలిలో పోయింది నాలుగో వంతుకు పైగా.

బేరమాడేవారికి ఈ లెక్క తెలియదు. చేతిలో బొమ్మను అటూ ఇటూ తిప్పి, కర్రముక్కకు ఇంత ధరా అని ముఖం చిట్లిస్తారు. అక్కడ అమ్ముతున్నది ఒక కర్రముక్క కాదు. చెడిపోగా మిగిలిన కర్రముక్క. పక్కనే పారిశ్రామికవాడ వుంది. ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం వుంది. నెల జీతం కళ్ళముందు కనిపిస్తుంటే, పగిలే కర్రను నమ్ముకోమని కొడుక్కి ఏ తండ్రి చెప్పగలడు?

అన్ని చోట్లా ఇదే గోడు

ఈ కష్టం ఒక్క కొండపల్లిదే కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి లక్క పూస్తారు. కర్ర సరిగా ఆరకపోతే గుండ్రంగా తీసిన డబ్బా కోలగా మారుతుంది, మూత బిగుసుకుపోతుంది. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. అక్కడ పగులు పడితే పోయేది ఒక ముక్క కాదు, రోజుల తరబడి చేసిన పనంతా. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కర్ర గరిటెలు, చెంచాలు చెక్కేవారికీ ఇదే బాధ. కర్ర పేరు మారుతుంది, కన్నీటి కారణం మారదు.

చెడినదానిలోనూ బతుకు

ఇన్ని చిక్కుల మధ్య పని ఎలా సాగుతోందన్నది చూడవలసిన సంగతి. ఇక్కడ పూర్తిగా వృథా అయ్యేది ఏదీ లేదు. పెద్ద దుంగ పగిలితే పగులుకు అటూ ఇటూ చిన్న ముక్కలు తీసి చిలుకలు, పండ్లు, చిన్న మనుషుల బొమ్మలు చేస్తారు. సన్నని బీటను మక్కుతో నింపి, అక్కడ చీర మడత వచ్చేలా గీత గీస్తారు. తాడిచెట్టు మానుకు బీట పడితే అది బెరడు గీతల్లో కలిసిపోతుంది. వంగిన పుల్ల విల్లు అవుతుంది. రంపపు పొట్టు మక్కులోకి, చెత్త ముక్క పొయ్యిలోకి. తప్పును బొమ్మలో భాగం చేసుకోవడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఎన్నో బొమ్మలు చెడగొట్టుకున్న చేతికే అది పట్టుబడుతుంది.

అయితే ఎంత నేర్పరి అయినా పచ్చి కర్రను ఎండు కర్ర చెయ్యలేడు. అది ఒక ఇంటివల్ల అయ్యే పనీ కాదు.

చేయదగిన పనులు

కోట్ల రూపాయల పథకం అక్కరలేదు. మొదటిది, అందరికీ కలిపి ఒక ఆరబెట్టే షెడ్డు. నాలుగు వైపులా గాలి, పైన కప్పు, కింద దిమ్మ వుంటే చాలు. ఒక తూకం, తేమ కొలిచే చిన్న యంత్రం వుంటే మరీ మంచిది. అలాంటివి అరచేతిలో పట్టేంతవి దొరుకుతున్నాయి. రెండవది, ఎండాకాలంలోనే కర్ర కొని నిలవచేసుకోవడానికి తక్కువ వడ్డీ అప్పు. దసరా సరుకు అమ్ముడయ్యాక తీర్చుకునే వెసులుబాటు వుండాలి. మూడవది, నరికిన రోజునే మొనలకు పూత పూసి, బెండు మీదుగా చీల్చిన కర్రను డిపో ద్వారా సరసమైన ధరకు ఇవ్వడం. పచ్చి దుంగ కొంటే డబ్బులిచ్చి నీళ్ళు కొన్నట్టే.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పొణికి మొక్కలు. దీని గింజ పెంకు గట్టిది, మొలక తక్కువ. చల్లి వదిలేస్తే రాదు. నారుమళ్ళలో శ్రద్ధగా పెంచి, గుట్టల వాలుల్లో, బీడుల్లో నాటి, కాపాడాలి. ఇవాళ నాటిన మొక్క రేపటికి కర్ర కాదు. అందుకే ఇవాళే నాటాలి. చెట్టు పెరిగేదాకా ఆగగలిగితేనే ఈ విద్య మనవల చేతికి అందుతుంది.

కొనేవారి వంతు కూడా కొంత వుంది. బొమ్మను ఎండ తగిలే కిటికీలో, చెమ్మగోడ పక్కన పెట్టకూడదు. తడిబట్టతో తుడవకూడదు. ధర అడిగేటప్పుడు, ఈ బొమ్మ వెనుక చెడిన బొమ్మ ఒకటి వుంటుందని గుర్తుంచుకోవాలి.

పేరుకు గుర్తింపు ఇచ్చినవారు కర్రకు కూడా ఒక నీడ ఇవ్వాలని పనివారి కోరిక. అటవీ, హస్తకళల శాఖల అధికారులు వచ్చే ఎండాకాలం లోగానైనా ఈ సంగతిపై దృష్టి సారిస్తే, దసరా కొలువులో బొమ్మతో పాటు దాన్ని చేసిన ఇల్లు కూడా నవ్వుతుంది.